చెవుల కుర్చీలు

1956 నవంబరు 13, మంగళవారం

ముసురు. పొద్దున కొట్టు తెరిచి తక్కెడ తుడిచాను. ఖాళీ పళ్ళేలు సమంగా నిలిచాయి.

పద్దుల పుస్తకం కాక వేరే పుస్తకంలో రాయడం ఇదే మొదలు. పద్దులో ఏది ఏ వరసలో రాయాలో తెలుసు. దీనికి వరస తెలియదు.

నిన్న ఇంట్లో ఆమెను బస్సులో నంద్యాలకు తీసుకుపోయి డాక్టరుకు చూపించాను. దారి పొడుగునా కిటికీ కడ్డీకి తల ఆనించి నిద్రపోయింది. ఇంట్లో చాప మీద పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంటుంది. కూర్చుంటే తల వాలుతుంది. వాలగానే ఉలిక్కిపడి లేస్తుంది. రెండు నెలలుగా ఇదే.

డాక్టరు ఆమెను బయట బెంచీ మీద కూర్చోమని, నాతో రెండు మాటలు చెప్పాడు. మొదటిది ఇది: గుండె అలసిపోయింది, వెల్లకిలా పడుకోకూడదు, కూర్చునే నిద్రపోవాలి. వీపు ఎత్తుగా ఉండి, తల అటూ ఇటూ వాలకుండా రెండు పక్కలా రెక్కలుండే కుర్చీలు పూర్వం దొరల బంగళాల్లో ఉండేవి. అలాంటిది దొరికితే మంచిది.

రెండోది రాయవలసిన పని లేదు.

బస్సు కోసం నిలబడినప్పుడు ఆమె అడిగింది.

"ఏం చెప్పినాడు?"

"కుర్చీ కొనమన్నాడు."

"కుర్చీనా? మందు లేదా?"

"మందూ ఉండాది."

ఆమె నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది.

ఇల్లు కొంచెం మర్యాదగా ఉండాలని నాకు ఎప్పటి నుంచో ఉంది. మంచి పాత కుర్చీ ఒకటి ఇంట్లో ఉండటం తప్పేమీ కాదు.

నవంబరు 15, గురువారం

వాన వెలిసింది. తక్కెడ తుడిచాను. బెల్లం బుట్టలు ఎండలో పెట్టాను.

వడ్ల మద్దిలేటిని పిలిపించాను. ఈ ఆళ్ళగడ్డలో కొయ్య పని అతనికి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు.

"పడక కుర్చీ చేసిస్తాలే అన్నా. గుడ్డ బిగిస్తే సరి. నాలుగు దినాల పని."

"పడుకునేది వద్దు. కూచునేది కావాల."

"కూచునేదానికి పీట సాలదా?"

కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. తలకిందులుగా పట్టుకుని చూశాడు. తర్వాత నిటారుగా తిప్పాడు.

"ఓ, చెవుల కుర్చీ. మా నాయన నంద్యాలలో కాలవ దొర బంగళాలో ఇట్లాటిదానికి ఒక కాలు మార్చినాడు. లోపల గుర్రం ఎంటికలు కుక్కింటారు, స్ప్రింగులుంటాయి. నాతో కాదన్నా. ఆ చెవులు ఎందుకో తెల్సునా? పక్కన కూచున్న పెండ్లాం మాట ఇనపడకుండా."

అతనొక్కడే నవ్వుకుని, "కాదులే, సలిగాలికంట" అన్నాడు.

రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు పోయిన ఈ పదిహేను రోజుల్లో ఆఫీసర్లు మొయ్యలేని సామాను అమ్ముకుని పోతున్నారట. నంద్యాలలో సంజీవయ్య అనే ఆయన లారీలతో తెచ్చి షెడ్డులో పోసుకున్నాడని మద్దిలేటి చెప్పాడు.

కొట్టుకు వచ్చినవాళ్ళు ఎందుకు కుర్చీ అని అడిగారు. ఇంటికి అన్నాను.

నవంబరు 20, మంగళవారం

చల్లగా ఉంది. తక్కెడ తుడిచాను. నిన్న కొట్టు మూసి నంద్యాలకు పోయాను కాబట్టి నిన్నటిది కూడా ఇక్కడే.

సంజీవయ్య షెడ్డులో బీరువాలు, బల్లలు, అద్దాలు, టోపీలు తగిలించే కొయ్యలు. వాటి నడుమ ఏసమ్మ అనే ముసలామె గుడ్డతో దుమ్ము దులుపుతూ ఉంది. వెనక దొరల ఇళ్ళల్లో ఆయాగా చేసిందట. కుర్చీల సంగతి యజమాని కంటే ఆమెకే ఎక్కువ తెలుసు. సంజీవయ్య ఒక దాన్ని పొగిడితే ఆమె దగ్గుతుంది. దగ్గితే అది కొనరాదని నాకు తొందరగానే అర్థమయింది.

చెవుల కుర్చీలు నాలుగున్నాయి.

మొదటిది పూల గుడ్డ వేసి కొత్తగా మెరుస్తోంది. ఏసమ్మ దాన్ని తలకిందులు చేసి, ఒక కాలి మీద వేలితో తట్టింది. పిండి రాలింది. "గుడ్డ కొత్తది నాయనా. కొయ్య పురుగులది." రెండోదానికి చెవులున్నాయి కానీ విసనకర్రల మాదిరి పలుచగా ఉన్నాయి. తల ఆనిస్తే వంగిపోతాయి. అవి చూపుకు మాత్రమే. మూడోది గోధుమరంగు తోలుది, పెద్దది. తోలు అక్కడక్కడ పగిలింది కానీ అతుకులు కదలలేదు. అందులో మేకు లేదు, అంతా కొయ్య చీలలతో బిగించిన పని. నాలుగోది పచ్చగుడ్డది, వెలిసిపోయింది, పొట్టిది. ఒక కాలు మిగతా మూటికంటే వేరే రంగు. దాన్ని నేను చూడలేదు. అంటే చూశాను, మా ఇంటికి బాగుండదనుకున్నాను.

తోలు కుర్చీ చెయ్యి మీద చెక్కిన ఆకుపని చూస్తూ నిలబడితే ఏసమ్మ అంది, "కుర్చీని కండ్లతో కొనరాదు. కూచోని కండ్లు మూసుకో."

కూర్చున్నాను. కళ్ళు మూసుకున్నాను. తల ఎడమకు వాలింది. చెవి దాన్ని పట్టుకుంది. అంతవరకే తెలుసు. లేచేసరికి గుమ్మంలో ఉన్న ఎండ గోడెక్కింది.

"ఇంత నమ్మకంగా బేరం చేసిన మనిషిని నేను సూడలేదప్పా" అన్నాడు సంజీవయ్య. "గురక కూడా పెట్టినావు."

ఇదే కావాలన్నాను.

"ఎవరికి?" అని అడిగింది ఏసమ్మ.

"ఇంట్లో."

"ఆమె ఎంత ఎత్తు ఉంటాది?"

చెప్పలేకపోయాను. ఇరవై ఐదేళ్ళయింది పెళ్ళయి. ఆమె నా పక్కన నిలబడగా ఎప్పుడు చూశాను? ఊళ్ళో పోయేటప్పుడు నాలుగడుగులు వెనక నడుస్తుంది. ఇంట్లో ఉంటే వంగి వడ్డిస్తూనో, నేల మీద కూర్చునో కనిపిస్తుంది. నా భుజం దగ్గర చెయ్యి పెట్టి, ఇంత అన్నాను.

ఏసమ్మ నా చేతిని చూసింది. దగ్గలేదు.

ధర పద్దులో ఉంది.

నవంబరు 22, గురువారం

మంచు. తక్కెడ తుడిచాను. కుర్చీ నిన్న మధ్యాహ్నం లారీ మీద వచ్చింది. నలుగురు మోసుకొచ్చి నడవలో పెట్టారు.

మా అమ్మ మంచం మీద నుంచే చూసింది.

"ఏందిరా ఇది, కుర్చీనా, తేరా? దీన్ని లాగేదానికి ఎంతమంది కావాల?"

"కోడలికమ్మా. డాక్టరు చెప్పినాడు."

"కోడలు దాని మీద కూచుంటే అత్త యాడ కూచోవాల? అటక మీదనా?"

ఇంట్లో ఆమె వంటింటి గడప దాటి రాలేదు. నేను కొట్టులోకి పోయాను. కొంతసేపటికి తలుపు సందులోంచి చూశాను. ఎక్కింది. ఎక్కింది అనే రాయాలి. కాళ్ళు నేలకు అందలేదు. తల ఎక్కడో కింద ఉంది, చెవులు ఆమెకు జానెడు పైన ఉన్నాయి. పెద్ద తొట్టిలో గింజలు అడుగున మిగిలినట్టు కూర్చుంది. రెండు చేతులతో అంచు పట్టుకుని మెల్లగా దిగింది. దిగి, కుర్చీ చేతిని పైటతో తుడిచింది.

నేను లోపలికి పోయాక, "శానా బాగుండాది" అంది.

నవంబరు 23, శుక్రవారం

చలి. తక్కెడ తుడిచాను. ఆమె మళ్ళీ గోడకే తల ఆనించింది.

నవంబరు 27, మంగళవారం

ఎండ. తక్కెడ తుడిచాను. కందిపప్పు జల్లించాను.

వంటింటి గడప పక్కన గోడకు ఒక మరక ఉంది. ఆమె పీట మీద కూర్చుని బియ్యం ఏరుతుంది, మధ్యలో అలసిపోతే తల వెనక్కి ఆనిస్తుంది. తలనూనె మరక. ప్రతి ఏడూ సున్నం కొట్టిస్తాను. నెల తిరక్కుండా మళ్ళీ అక్కడే తేలుతుంది. సున్నం మంచిది కాదని సున్నం అమ్మినవాడితో ఒకసారి పోట్లాడాను కూడా.

ఈ పొద్దున ఆమె దొడ్లో ఉన్నప్పుడు పొట్లాలు కట్టే దారం తీసుకుపోయి, పీట మీద నుంచి మరక నడిమి దాకా కొలిచాను. ముడి వేశాను. మరక ఎంత వెడల్పో కూడా కొలిచి ఇంకో ముడి వేశాను. తల ఎడమకే ఎక్కువ వాలుతుంది. మరక ఎడమ వైపు సాగి ఉంది.

దారం ఈ పుస్తకంలోనే పెట్టాను.

అమ్మ చూస్తూనే ఉంది. "గోడకు చొక్కా కుట్టిస్తావా?" అంది.

డిసెంబరు 4, మంగళవారం

మబ్బు. తక్కెడ తుడిచాను. నిన్న మళ్ళీ నంద్యాల.

దారం ఏసమ్మ చేతికిచ్చాను. తోలు కుర్చీలో ఆమె కాళ్ళు నేలకు అందలేదని చెప్పాను.

"నాకు ఆ పొద్దే తెల్సు" అంది.

"చెప్పలేదేమమ్మా?"

"పెండ్లాం ఎత్తు తెలీని మొగోనికి కుర్చీ ఎత్తు చెప్తే ఏం తెలుస్తాది? ఇంటికి పోయి కొలుచుకోని వస్తావనుకుంటి. వచ్చినావు."

దారాన్ని పచ్చ కుర్చీ కూర్చునే చోట ఆనించి పైకి లాగింది. ముడి సరిగ్గా ఎడమ చెవి నడిమికి వచ్చింది. ఆమె దారం అక్కడే పట్టుకుని నా వైపు చూసింది. నేనూ చూశాను.

పొట్టి దొరసాని కోసం మద్రాసులో చెప్పి చేయించిందట. తోలుది ఆమె దొరది. రెండూ ఒకే ఇంటివి. తలకిందులు చేసి చూశాను. పాత గోనెగుడ్డ, తుప్పు మరకలు, కానీ కొయ్య గట్టిది, అతుకులు కదలడం లేదు. మారిన కాలు చింత కొయ్యది. మద్దిలేటి వాళ్ళ నాయన మార్చింది ఇదే అయి ఉండాలి.

అమ్మ అడగమన్న మాట అడిగాను. "దీంట్లో ఎవరైనా..."

"సావలేదు నాయనా. ఇద్దరు బిడ్డలకు పాలిచ్చింది దీంట్లో కూచోని. దొరసాని పోయింది మంచం మీదనే. మంచాలను ఎవరూ అడగరు, కుర్చీలనే అడుగుతారు."

తోలుది వెనక్కి తీసుకోమంటే సంజీవయ్య ఒప్పుకోలేదు. "దాంట్లో గంటసేపు నిద్రపోతివి. అది ఇంక నీదేనప్పా" అన్నాడు.

డిసెంబరు 6, గురువారం

చలిగాలి. తక్కెడ తుడిచాను. పచ్చ కుర్చీ వచ్చింది. నడవలో తోలుదాని పక్కన పెట్టించాను. రెంటికీ పొంతన లేదు. మద్దిలేటి వచ్చి చింతకాలును నిమిరి చూసి, "మా నాయన కాలే. ఇంగా నిలబడే ఉండాదే" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. దుమ్ము పడిందన్నాడు.

ఆమె మధ్యాహ్నం నేను కొట్టులో ఉన్నంతసేపూ కూర్చుంది. నేను భోజనానికి రాగానే లేచింది. నేను పోతే కూర్చుంది. వస్తే లేచింది. ఈ పాటికి పదిసార్లు లేచి ఉంటుంది. లేచినప్పుడల్లా గోడ పట్టుకుని ఊపిరి తీసుకుంటోంది.

"లేయొద్దు" అన్నాను.

"మీ ఎదుట కుర్చీలోనా?"

"నేనే చెప్తాండా గదా."

"మీరు చెప్తారు. అత్త ఉండాది."

అమ్మ మంచం మీద అటు తిరిగి పడుకుంది. "నాకు కండ్లు కనపడక రెండేండ్లాయె. ఎవరు యాడ కూచున్నారో నాకేం తెల్సు" అంది. పొద్దున అదే అమ్మ నేను తూచిన ధనియాల్లో పుల్ల ఉందని మంచం మీద నుంచే చెప్పింది.

అయినా ఆమె నిలబడే ఉంది. రెండు కుర్చీలనూ చాలాసేపు చూసింది. తర్వాత అంది, "ఆ పెద్దదాంట్లో మీరు కూచోండి."

కూర్చున్నాను. ఆమె నా కుడి పక్క పచ్చదాంట్లో కూర్చుంది. రెండూ దొడ్డివైపు తిరిగి ఉన్నాయి. నాకు దొడ్డి కనిపిస్తోంది, తులసికోట కనిపిస్తోంది. కుడివైపు తోలు చెవి తప్ప ఏమీ లేదు.

"నేను కనపడతాండానా?" అని అడిగింది.

"లేదు."

"మీరూ నాకు కనపడరు. ఇట్లయితే సరే."

నడుమ తెర కట్టుకున్నట్టు ఆ చెవుల చాటున కూర్చున్నాం. ఊపిరి చప్పుడు వినిపించింది. తర్వాత అది నిదానించింది. ఒక చిన్న చప్పుడుతో తల వాలింది. ఉలికిపాటు రాలేదు.

బేరానికి ఎవరో వచ్చి పిలిచారు. లేవలేదు.

డిసెంబరు 7, శుక్రవారం

ఎండ. తక్కెడ తుడిచాను. ఏడు గంటలు నిద్రపోయింది.

డిసెంబరు 19, బుధవారం

మంచు బాగా పడింది. తక్కెడ తుడిచాను.

ఇప్పుడొక అలవాటు అయింది. మధ్యాహ్నం బేరం లేని వేళ నేను తోలు కుర్చీలో కూర్చుంటాను. ఆమె మెలకువగా ఉందో లేదో కనపడదు. కుర్చీ చెయ్యి మీద వేలితో తడతాను. మెలకువగా ఉంటే ఆమె గాజుతో కొయ్య మీద తడుతుంది. అప్పుడు మాట్లాడుకుంటాం. ఇన్నేళ్ళలో మాట్లాడినవన్నీ కలిపితే ఈ పదిరోజుల మాటలంత ఉండవు. అంటే ఆమే మాట్లాడుతుంది. నేను ఊ అంటాను. ఒక్కోసారి నేనూ మాట్లాడతాను.

ఈ రోజు అంది, "ఈ చెవి చాటు నుంచి వింటే మీ గొంతు వేరే ఎవరిదో అనిపిస్తాది."

"ఎవరిది?"

"మాట్లాడే మొగోనిది."

అమ్మ మంచం మీద నవ్వడం వినిపించింది.

పిల్లలు లేరని నాకు బాధ ఉండేదా అని అడిగింది. ఉండేదన్నాను. చాలా ఏండ్ల కిందట అన్నాను. "నాకు నిన్న మొన్నటిదాకా ఉండింది" అంది. "దొరసాని బిడ్డలు పాలు తాగిన కుర్చీ అని అత్త చెప్పినాక, ఏందో, కొంచెం తగ్గింది." గాజు చప్పుడు చేసింది, నేను ఉన్నానా అని. తట్టాను.

1957 జనవరి 8, మంగళవారం

చలి. తక్కెడ తుడిచాను. ఆమె బాగానే ఉంది. రంగు వచ్చింది.

జనవరి 10, గురువారం

తక్కెడ తుడిచాను. బాగానే ఉంది. పాదాలు కొంచెం ఉబ్బాయి. కుర్చీ కొత్త కదా. కాళ్ళు వేలాడేసి కూర్చుంటే ఎవరికైనా ఉబ్బుతాయి. వంటింటి పీట తెచ్చి కాళ్ళ కింద వేశాను.

జనవరి 22, మంగళవారం

గాలి తిరిగింది. తక్కెడ తుడిచాను.

నిన్న చింతపండు కోసమని చెప్పి నంద్యాలకు పోయాను. డాక్టరు దగ్గర కూర్చుని, ఆమె నిద్రపోతోందని, తింటోందని, నవ్వుతోందని చెప్పాను. మంచిది అన్నాడు. పాదాల సంగతీ చెప్పాను. అతను కలం మూత పెట్టి, అప్పటి రెండో మాట మళ్ళీ చెప్పాడు. ఈసారి నెల కూడా చెప్పాడు.

ఏసమ్మ షెడ్డు ముందు నుంచే నడిచాను. లోపలికి పోలేదు. కుర్చీ కుదిరిందా అని అడుగుతుంది. కుదిరిందని చెప్పాలి.

చింతపండు తేవడం మరిచిపోయాను. ఆమె అడగలేదు.

ఫిబ్రవరి 4, సోమవారం

ఎండ ముదిరింది. తక్కెడ తుడిచాను.

నిన్న మధ్యాహ్నం జరిగింది రాయాలి. ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగినట్టు రాస్తాను.

గాజు తట్టింది. "ఇదో, ఒకటి అడగనా?"

"అడుగు."

"డాక్టరు రెండు మాటలు చెప్పినాడని రాసినారు. పుస్తకంలో ఒకటే ఉండాది. రెండోది యాడ?"

దొడ్లో కాకి అరుస్తోంది. అది ఎగిరిపోయేదాకా చూశాను.

"నీకు చదువు వచ్చునా?"

"మీకు ఎట్ల వచ్చింది?"

"పొట్లం కాగితాలతో."

"మీరు కొట్లో కూచోని గట్టిగా చదువుతాంటిరి. ఆ కాగితాలు మళ్ళా వంటింట్లోకి నా కాడికే వస్తాయి గదా. మీరు చదివింది గుర్తు పెట్టుకోని అక్షరాలు చూసుకుంటాంటి. మీ రాత అచ్చు మాదిరి ఉంటాది, బేగా చదవొచ్చు."

"ఎన్నేండ్లాయె?"

"ఇరవై."

"చెప్పలేదే."

"మీరు అడిగినారా?"

నిజమే. అడగలేదు. దారం సంగతి కూడా ఆమెకు తెలుసు. గోడ మరక సంగతి చదివినప్పుడు ఒక పూటంతా పని చేసుకోలేకపోయిందట. తర్వాత అంది, "ఇంత పుస్తకంలో నా పేరు యాడా లేదు. ఇంట్లో ఆమె, ఆమె. చదివినోళ్ళు ఎవరో అనుకుంటారు."

"ఎవరు చదువుతారు?"

"నేను చదివితిని గదా."

మళ్ళీ అడిగింది. "రెండోది ఏంది?"

కొట్లో ఎవరో పిలిచారన్నాను. లేచి వచ్చేశాను. ఎవరూ పిలవలేదు.

ఫిబ్రవరి 5, మంగళవారం

తక్కెడ తుడిచాను. తోలు కుర్చీలో కూర్చోలేదు. తోలు పగుళ్ళకు ఆముదం రాయాలి.

అమ్మ అంది, "ఏందిరా, కుర్చీ మీద ముండ్లు మొలిచినాయా?"

గాజు రెండుసార్లు మోగింది. ఆముదం వెతుకుతున్నాను.

ఫిబ్రవరి 6, బుధవారం

ఎండ. తక్కెడ తుడిచాను.

పుస్తకం ఎలాగూ చదువుతుంది కాబట్టి ఇందులోనే రాస్తే సరిపోతుంది. రెండో మాట ఇది: ఈ జబ్బుకు మందు లేదు. కుర్చీ నిద్రకు మాత్రమే, ఆయుష్షుకు కాదు. ఉగాది చూస్తుందని చెప్పలేను అన్నాడు.

రాశాను. దారం ఈ పేజీలో పెట్టి, పుస్తకం పచ్చ కుర్చీ చేతి మీద ఉంచి కొట్టులోకి పోతాను.

ఫిబ్రవరి 7, గురువారం

ఎండ. తక్కెడ తుడిచాను.

నిన్న ఉంచిన పుస్తకం ఈ సాయంత్రం దాకా పెట్టినచోటే ఉంది. దారం పెట్టిన మడతలోనే ఉంది, ముడి బయటికి కనిపిస్తూ. ఆమె మెలకువగానే ఉంది.

"నేను తెరవలేదు" అంది.

"ఎందుకు?"

"ఇన్నాళ్ళూ దొంగగా చదివితిని. ఇప్పుడు మీరే చేతిలో పెట్టినారు. రాసింది చదువుకునేదానికి మీరెందుకు నాకు? పొట్లం కాగితం చాలదా? నోటితో చెప్పండి."

చెవి చాటున నేను నోరు తెరిచాను. తెరిచాననే గుర్తు. మాట రాలేదు. ఆమె చాలాసేపు చూసింది. చూసింది అని ఎందుకు రాశానో, ఆమె నాకు కనపడదు.

"పోనీలే" అంది. "రేపు."

ఫిబ్రవరి 8, శుక్రవారం

తెల్లవారింది. మబ్బు, వాన రాదు. దొడ్డి ఊడ్చి తులసికి నీళ్ళు పోశాను. ఇంకా కొట్టు తెరవలేదు.

గౌరమ్మ పొద్దున్నే కుర్చీ తిప్పమంది.

"నీదా?"

"మీది. నాకు ఎదురుగా."

నేను అమ్మ మంచం వైపు చూశాను. అమ్మ కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. "నేను నిద్రపోతాండా" అంది.

"ఎదురుగా కూచుంటావా?" అని అడిగాను.

"ఆ చెవులు నా కోసమని తెచ్చినారు. మీకే ఎక్కువ పనికొచ్చినాయి" అంది గౌరమ్మ. అని, కొంచెం ఆయాసపడి, "బేగా తిప్పండి. మీ మొగం చూసుకుంటా వింటా. ఏడ్చినా ఏమనుకోను" అంది.

తోలు కుర్చీ బరువు. ఒక్కణ్ణే తిప్పాను. నేల మీద నాలుగు గీతలు పడ్డాయి. తిప్పాక చూస్తే పచ్చ కుర్చీలో ఆమె మొత్తం కనిపించింది, పీట మీద ఉబ్బిన పాదాలు, ఒళ్ళో చేతులు, కుర్చీ ఎడమ చెవి మీద అప్పుడే ఏర్పడిన నూనె మరక. ఆమె తల నా భుజం దాకా రాదు. చాలా కింద ఉంటుంది.

కూర్చోబోయి, ఒక్క నిమిషం, కొట్టులో పుస్తకం రాసి వస్తానన్నాను. సరే అంది. చెప్పవలసిన మాటలు ముందు వరసగా రాసుకుంటే నోటికి వస్తాయనుకున్నాను. మొదట డాక్టరు ఏమన్నాడు. తర్వాత నేను ఎందుకు చెప్పలేదు. ఆ తర్వాత

గాజు మోగింది. ఉన్నానని గల్లాపెట్టె మీద తట్టాను.

మళ్ళీ మోగింది. ఇంకా తక్కెడ తుడవలేదు. ఉండనీ, ముందు పోయి